నక్కవాగు వెంట...

ప్రతి ఇంట్లో ఓ మందుల డబ్బా ఉంటుంది. పాత బిస్కెట్ల డబ్బానో, స్వీటు డబ్బానో... సగం వాడి వదిలేసిన మాత్రల స్ట్రిప్పులు, మూత జిగురెక్కిన దగ్గుమందు సీసా, ఎప్పటిదో తెలియని ఆయింట్‌మెంటు! ఈసారి ఆ డబ్బా తీసినప్పుడు ఒక స్ట్రిప్పు వెనక్కి తిప్పి, చీమతలకాయంత అక్షరాల్లో ఉండే చిరునామా చదవండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఊరి పేరేదో కనిపించవచ్చు. కనిపించకపోయినా, లోపలి మందుకు ముడిసరుకు ఇటునుంచే వెళ్లి ఉండవచ్చు. జీడిమెట్ల, బొల్లారం, గడ్డపోతారం, పాశమైలారం, పటాన్‌చెరు... దేశానికీ, ప్రపంచంలో సగం దేశాలకూ మందులు వండిపెట్టే వంటిళ్లివి.

వంటిల్లన్నాక తూము ఉంటుంది కదా! ఆ తూము నీళ్లు ఎటు పోతున్నాయో, వాటికి చట్టం గీసిన గీతను ఎవరు ఎలా చూస్తున్నారో కనుక్కుందామని ఓ ఆదివారం పొద్దున్నే కోఠిలో 218 నంబరు బస్సెక్కాం. కూకట్‌పల్లి, మియాపూర్, చందానగర్ దాటి బీహెచ్‌ఈఎల్ వచ్చేసరికి ఎండ చురుక్కుమంటోంది.

పటాన్‌చెరు అంటే ఇప్పుడు మనకు గుర్తొచ్చేది పొగగొట్టాలే కానీ, ఇది పాత ఊరు. కల్యాణి చాళుక్యుల కాలంలో పొట్లకెరె పేరుతో వెలిగిన పట్టణం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. జైన విగ్రహాలు ఇక్కడ చాలా దొరికాయి. 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చింది కూడా ఇక్కడికే. జొన్నమీద, కందిమీద ప్రపంచస్థాయి పరిశోధన జరిగే పొలాలు ఒకవైపు... రసాయనాల పీపాలు దిగే గేట్లు ఇంకోవైపు!

ఈ గేట్లు ఎలా వచ్చాయన్నది చిన్న కథేం కాదు. అరవైల్లో బాలానగర్‌లో ప్రభుత్వరంగ ఐడీపీఎల్ పెట్టారు. మందుల తయారీ తెలిసిన రసాయన నిపుణులు వందలమంది అక్కడ తయారయ్యారు. రెడ్డీస్ ల్యాబ్స్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. 1970 పేటెంట్ల చట్టం మందుమీద కాక, దాన్ని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే హక్కు ఇచ్చింది. ఇంకో పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చన్నమాట. విదేశీ కంపెనీలు రూపాయికి అమ్మేది మనవాళ్లు పైసల్లో ఇవ్వడం మొదలుపెట్టారు. అటు వెనుకబడిన జిల్లా అంటూ మెదక్‌కు రాయితీలిచ్చారు. నగరానికి దగ్గర, భూమి చవక. ఫ్యాక్టరీలు బారులు తీరాయి. మన అమ్మానాన్నలు బీపీ మాత్రలు చవగ్గా వేసుకుంటున్నారంటే అందులో ఈ నేల వాటా ఉంది. అది మరిచిపోయి రాస్తే అన్యాయమవుతుంది.

ఫారంలో లేని గడి

మేం ముందు కలిసింది రామచంద్రాపురంలో ఉండే ఒక విశ్రాంత ఇంజినీరుగారిని. కాలుష్య నియంత్రణ విభాగంలో ఏళ్ల తరబడి పనిచేశారు. పేరు రాయొద్దన్నారు. వాళ్లావిడ ఇచ్చిన ఉప్మా తింటూ కూర్చున్నాం.

"ఫ్యాక్టరీ నుంచి వచ్చే నీళ్లలో ఏం చూస్తారండీ మీరు?" అనడిగాం.

ఆయన వేళ్లమీద లెక్కపెట్టారు. ఆమ్లమా క్షారమా, కరిగిన లవణాలెన్ని, నీటిలోని మలినాన్ని విరగ్గొట్టడానికి ఎంత ఆక్సిజన్ కావాలి, చేపపిల్లల్ని వేస్తే బతుకుతాయా... "ఇవన్నీ చూస్తాం. కానీ అందులో మందు ఉందా, ఉంటే ఎంత అని రాసే గడి మా ఫారంలో లేదు. గడి లేనిచోట మేమేం రాస్తాం చెప్పండి?" అన్నారు.

ఆ మాట మా ప్రయాణమంతా వెంటే వచ్చింది.

గడి సంగతి ప్రపంచానికి తెలిసింది 2007లో. స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించింది. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగు చేరే కేంద్రమది. శుద్ధి అయ్యాక వదిలిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది! మనకు జ్వరాలకూ, మూత్రంలో మంటకూ డాక్టర్లు రాసే మందే అది. వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా ఎక్కువ. రోజుకు 45 కిలోలు పోతున్నట్టని వాళ్లు లెక్కగట్టారు. 500 మిల్లీగ్రాముల మాత్రలుగా చూస్తే తొంభైవేల మాత్రలు! స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మందు ఇక్కడ ఒక్కరోజులో వాగుపాలు.

మందేగా, విషం కాదుగా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే! మురుగును శుభ్రం చేసేది ముఖ్యంగా బ్యాక్టీరియానే. పాలు తోడుకోవడానికి కాస్త పెరుగు వేసినట్టు, శుద్ధి తొట్టెలో బ్యాక్టీరియాను పెంచుతారు. అవి మలినాన్ని తినేస్తాయి. తోడు మీద మరిగే నీళ్లు పోస్తే ఏమవుతుంది? యాంటీబయాటిక్ వచ్చిపడితే తొట్టెలో అదే జరుగుతుంది. చావగా మిగిలినవి మాత్రం మొండివి. మందుకు లొంగనివి. పైగా అప్పట్లో తొట్టెలో బ్యాక్టీరియాకు బలం కోసమని ఇళ్ల మరుగుదొడ్ల నీటినీ కలిపేవారు. మనిషి పేగుల్లోని సూక్ష్మజీవులు, మందు... రెండూ ఒకే తొట్టెలో! అలా మొండికేసిన సూక్ష్మజీవుల వల్ల 2019 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచవ్యాప్తంగా 12 లక్షల 70 వేల మంది చనిపోయారని నిపుణుల అంచనా. అందుకు కారణం వాగులొక్కటే కాదు. చీటీ లేకుండా కొనుక్కుని రెండు రోజులు వేసుకుని మానేసే మన అలవాటూ ఉంది. మందుల డబ్బాలోని సగం స్ట్రిప్పు గుర్తుందిగా?

మరి నీటిలో ఎంతవరకు ఉండొచ్చు? 2016లో అదే లార్సన్, మరో శాస్త్రవేత్త కలిసి ఒక్కో మందుకు ఒక్కో అంకె అంచనా వేశారు. సిప్రోఫ్లాక్సాసిన్‌కు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. 2007లో కనిపించింది దానికి దాదాపు ఐదు లక్షల రెట్లు!

ఎవరి గేటు దగ్గర కొలవాలి?

పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాక్టరీ యజమానిని కలిశాం. ఇరవై ఏళ్ల కిందట ఉద్యోగం మానేసి, ఇల్లు తాకట్టుపెట్టి మొదలుపెట్టారట. ఆఫీసు గోడమీద వెంకటేశ్వరస్వామి, పక్కనే అనుమతిపత్రాల ఫ్రేములు. మేం వచ్చిన పని వినగానే కాస్త ముభావంగా అయిపోయారు. టీ వచ్చాక కరిగారు.

"మేం మనుషులం కాదా సార్? మా పిల్లలు తాగేదీ ఈ నీళ్లే. కానీ కిలోకి పది రూపాయలు తగ్గించకపోతే చైనా సరుకు తెచ్చుకుంటానంటాడు కొనేవాడు. ఆ పది రూపాయలు ఎక్కడ తగ్గించమంటారు?" అన్నారు. పెద్ద కంపెనీలు తమ ఆవరణలోనే మురుగును మరిగించి ఆవిరిచేసి, నీటిని తిరిగి వాడుకుని, మిగిలిన ఉప్పును దుండిగల్ దగ్గరి వ్యర్థాల పూడ్చివేత కేంద్రానికి పంపుతాయి. చుక్క బయటికి పోకూడదన్నది నియమం. దానికి బాయిలర్లు, బొగ్గు, కోట్ల రూపాయల యంత్రాలు కావాలి. చిన్నవాళ్లు ట్యాంకర్లలో ఉమ్మడి కేంద్రానికి పంపుతారు.

"నీళ్లలో మందెంతుందో కొలిచే యంత్రమే కోట్లు. బయట పరీక్ష చేయిద్దామంటే ఒక్కో నమూనాకు వేలకు వేలు" అని ఆయన బాధ. వాదన మామూలుగానే సాగుతోందనుకుంటుండగా ఆయన ఒక మాట అన్నారు. "నిజం చెప్పాలంటే నా గేటు దగ్గరే కొలవమంటాను నేను. కలిశాక కొలిస్తే పక్కవాడి పాపం నా నెత్తిన పడుతుంది. రాత్రిపూట ఎవడో ట్యాంకరు వాగులో ఒంపి పోతాడు. పొద్దున్నే నోటీసు అందరికీ!"

ఉమ్మడి కేంద్రంలో అందరి నీళ్లూ కలుస్తాయి. కలిశాక ఎవరిదెంతో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఆ తర్వాత ఉమ్మడి కేంద్రం నుంచి సుమారు 18 కిలోమీటర్ల గొట్టం వేసి, శుద్ధిచేసిన నీటిని నగర మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. నక్కవాగుకు కాస్త ఊపిరాడింది నిజమే. కానీ ఆ నీళ్లు మరోసారి కలిశాయి... ఈసారి కోటిమంది స్నానాల నీళ్లతో. అక్కణ్నుంచి మూసీకి. పలచనైతే లెక్క బాగుంటుంది. పోయే మందు తగ్గదు.

నిజానికి గడి ఒకసారి రాబోయింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా విడుదల చేసింది. 121 యాంటీబయాటిక్‌లకు, ఫ్యాక్టరీ వదిలే నీటిలో ఎంత మించకూడదో అంకెలతో సహా! ఇలాంటిది ప్రపంచంలో ఎక్కడా లేదని అప్పట్లో శాస్త్రవేత్తలు మెచ్చుకున్నారు. పరిశ్రమవర్గాలు అభ్యంతరాలు చెప్పాయి. అంకెలు మరీ కఠినమన్నారు, కొలిచే పద్ధతి ఖరారు కాలేదన్నారు. 2021 ఆగస్టులో తుది నియమాలు వచ్చాయి. వాటిలో ఆ 121 అంకెలూ లేవు.

కొన్ని పెద్ద కంపెనీలు అంతర్జాతీయ కూటమిగా ఏర్పడి 2022లో తమకు తామే ఒక ప్రమాణం రాసుకున్నాయి. నార్వే ఆసుపత్రుల కొనుగోలు సంస్థ యాంటీబయాటిక్‌లు కొనేటప్పుడు ధరతోపాటు పర్యావరణానికీ మార్కులు వేయడం మొదలుపెట్టింది. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యర్థాలపై తొలిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ మార్గదర్శకం చూపించి ఇంజినీరుగారు నోటీసు ఇవ్వలేరు. ఎక్కడో నార్వేలో కొనేవాడు అడిగితే కొలిచే నీటిని, వాగు పక్కనున్నవాడు అడిగితే ఎందుకు కొలవకూడదు? యజమాని చెప్పిన ఖర్చు సంగతి నేను కొట్టిపారేయను. చిన్న ఫ్యాక్టరీలకు ఉమ్మడి ప్రయోగశాల ప్రభుత్వమే పెట్టవచ్చు. కానీ కొలత గేటు దగ్గరే జరగాలన్నది మాత్రం ఆయన నోటినుంచే విన్నాం కదా!

పాశమైలారంలో టీ

అక్కణ్నుంచి ఆటోలో పాశమైలారం. టీకొట్టు దగ్గర తెలుగుకన్నా ఒడియా, భోజ్‌పురీ ఎక్కువ వినిపించాయి. ఇక్కడే 2025 జూన్ 30 ఉదయం ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి యాభైమందికి పైగా కార్మికులు చనిపోయారు. కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. అక్కడ తయారయ్యేది సెల్యులోజ్ పొడి. మాత్ర విడిపోకుండా పట్టి ఉంచడానికి కలుపుతారు. తింటే ఏమీ కాదు. కానీ ఎంత సాధువైన పొడి అయినా సన్నగా గాలిలో లేచినప్పుడు నిప్పు తగిలితే బాంబే. పిండిమరల్లో కూడా ఇలాంటి పేలుళ్లు జరిగిన సందర్భాలున్నాయి.

టీ తాగుతున్న ఒక ఒడిశా కుర్రాడిని, అతను మోసే పీపాలో ఏముందో అడిగాం. "నీలం పీపా సార్" అన్నాడు. దానిమీద రాసి ఉంటుంది కదా అంటే నవ్వి, "ఇంగ్లిష్" అన్నాడు. అంతే.

భోపాల్ తర్వాత మన దేశంలో రాసిన నియమాలు తక్కువేం కాదు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం. 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ. 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు. పెద్ద ప్రమాదం జరిగే వీలున్న ఫ్యాక్టరీ ఆరునెలలకోసారి లోపల కసరత్తు చేయాలి. గేటు బయట ఉండేవాళ్లకు ప్రమాదమేమిటో, జరిగితే ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందే చెప్పాలి. ఇదంతా ఆ 1989 నియమాల్లోనే ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడి 12 మంది చనిపోయినప్పుడు సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. ముప్పై ఏళ్ల నియమం ఆ రాత్రి బటను నొక్కే మనిషి దాకా రాలేదు.

మా ఆటో డ్రైవరు పుట్టింది ఇక్కడే. "గ్యాస్ లీకయితే ఎటు పోవాలో ఎవరన్నా చెప్పారా అన్నా?" అనడిగితే, వెనక్కి తిరిగి చూసి, "గాలి ఎటొస్తే దానికి ఎదురు తిరిగి ఉరుకుడే. ఎవ్వలు జెప్తరు?" అన్నాడు. గాలికి అడ్డంగా పోవాలని పుస్తకాల్లో ఉంటుంది. ఎదురు పోతే ఒక్కోసారి విషంలోకే పోయినట్టు!

వాగు దగ్గర

మధ్యాహ్నం దాటాక పెద్దరోడ్డు వదిలి పల్లెదారి పట్టాం. నక్కవాగు పటాన్‌చెరు వైపు నుంచి పోచారం, బచ్చుగూడెం, ఆరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట ప్రాంతాల మీదుగా పోయి మంజీరలో కలుస్తుంది. మ్యాపులో సన్నటి నీలిగీత. ఊళ్లవాళ్లకు మాత్రం అది రెండుకార్ల పంట, పశువులకు రేవు, పిల్లలకు ఈత.

1990లో ఈ వాగు సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఓ స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు అది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ కిషన్‌రావు తన దగ్గరికొచ్చే రోగుల్ని చూసి చూసి, ఊళ్లవాళ్లను కూడగట్టుకుని దశాబ్దాలపాటు ఈ పోరాటంలో ఉన్నారు. కోర్టు కమిటీలు వేసింది, నష్టపరిహారం ఇప్పించింది. 2001లో కేసు హైకోర్టుకు బదిలీ అయింది, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. కేసు వేసిననాడు పుట్టిన పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులు.

వంతెన దగ్గర ఆటో ఆపాం. నీళ్లు డికాక్షన్ రంగులో ఉన్నాయి. అంచుల్లో నురగ. గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుంది. కొంగలు మాత్రం ఏమీ పట్టనట్టు నిలబడి ఉన్నాయి.

బర్రెల్ని తోలుకొస్తున్న పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. డెబ్భై దాటి ఉంటాయి. పేపరువాళ్లమని చెబితే, "మస్తుమంది అచ్చిండ్రు బిడ్డా... సీసాలల్ల నీళ్లు వట్టుకపోయిండ్రు" అని వంతెన గోడమీద కూర్చున్నాడు.

"చిన్నప్పుడు గీడ చెలిమ దోడుకోని తాగేటోళ్లం. ఎండకాలం గుడ చేపలు దొరుకుతుండె. ఎనుకట నీళ్లు ఎర్రగయినంక వరి ఎదుగుడు బందయింది. తాలు పోతుండె. బర్రెలు ఈ నీళ్లు తాగితే సూడి నిల్వకపోతుండె" అని చెప్పుకొచ్చాడు. ఇప్పుడు బర్రెల్ని నీళ్ల దగ్గరికి పోనివ్వడట. ఆయన మాట్లాడుతున్నంతసేపూ చేతికర్ర అడ్డం పెట్టే ఉన్నాడు.

ఫ్యాక్టరీలు మూసేయమంటారా అనడిగాం.

"మూస్తే మా చిన్నోడేం దినాలె? ఆడు గండ్లనే పనిజేస్తడు" అన్నాడు. కొడుకు రాత్రి షిఫ్టు. ఆ జీతంతోనే మనవరాలు ఇంజినీరింగ్ చదువుతోంది. పొలంలో పోయింది ఫ్యాక్టరీలో వచ్చిందని ఎవరైనా లెక్క చెప్పవచ్చు. ఆయన మాత్రం ఆ రెంటినీ కలపలేదు. అది వేరు, ఇది వేరు అన్నట్టే మాట్లాడాడు.

121 అంకెల సంగతి, అవి వచ్చి పోయిన సంగతి నాకు చేతనైనట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అయితే ఇంతకుముందు సీసాలల్ల వట్టుకపోయినోళ్లు ఏం జూసినట్టు?" అన్నాడు.

మా దగ్గర జవాబు లేదు. ఇంజినీరుగారి ఫారం గుర్తొచ్చింది.

పొద్దు వాలుతోంది. బర్రెలు ఇంటిదారి పట్టాయి. పెద్దాయన లేచి తువ్వాల దులుపుకుని, "జల్ది పోండ్రి బిడ్డా, చీకటివడితే వాసనొస్తది" అన్నాడు. ఆదివారం కదా, ఇవాళ రాదేమోలే అన్నాడు మా ఆటో డ్రైవరు.

ఆటో పెద్దరోడ్డు ఎక్కేసరికి వచ్చింది.